నా కిటికీకి అడ్డం పెట్టిన టోపీ

నేను ఒక రైఫిల్‌ని. ముందే చెబుతున్నాను, చాలా కోపంగా ఉన్నాను. ఇనప ముక్కకి కోపమేమిటని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. మీ నోట్లో మీవాళ్ళే గుడ్డ కుక్కి, "ఎందుకు మాట్లాడవు, మూగదానివా?" అని చెంపలు వాయిస్తే అప్పుడు తెలుస్తుంది నా బాధ.

నన్ను ఎస్సెల్లార్ అంటారు. తనంతట తానే నింపుకునే తుపాకీని. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక తూటా పేలుతుంది. పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లోంచి కొంచెం నేను పక్కకి లాక్కుంటాను. ఆ బలంతో నా బోల్టు వెనక్కి పోతుంది. పోతూ పోతూ, తూటా పేలాక మిగిలిన ఇత్తడి డొల్లని కొక్కెంతో పట్టి లాగి, కుడిపక్క ఉన్న కిటికీలోంచి బయటికి విసురుతుంది. వెనక ఉన్న స్ప్రింగు బోల్టుని మళ్ళీ ముందుకు తోస్తుంది. కింద మ్యాగజైన్‌లోంచి కొత్త తూటా ఎక్కుతుంది. ఇదంతా మీరు రెప్పవేసి తెరిచేలోపు అయిపోతుంది. కాని ఇందులో ఏ ఒక్కటి ఆగినా మొత్తం ఆగుతుంది. ముందు తిన్నవాడి ఎంగిలి విస్తరి తియ్యకుండా రెండో బంతికి వడ్డించలేరు కదా. ఖాళీ డొల్ల బయటికి పోకపోతే కొత్త తూటాకి చోటెక్కడిది?

డొల్లని మా పోలీసుల భాషలో ఖాళీ కేసు అంటారు. నా బతుకంతా ఆ ఖాళీ కేసు చుట్టూనే పాడైంది.

నేను పుట్టింది ఒక తుపాకుల కర్మాగారంలో. నా గొట్టాన్ని దీపానికి ఎదురుగా పెట్టి ఒక పెద్దాయన ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు. లోపల గీతలన్నీ నున్నగా మెలితిరిగి ఉన్నాయని తల ఊపాడు. ఆ తల ఊపడమే నాకు దక్కిన మొదటి మెప్పు. దాదాపు ఆఖరిది కూడా. చెక్క పిడి బిగించి, దానిమీద తెల్లరంగుతో నంబరు వేసి, నూనె పూసి, పెట్టెలో పడుకోబెట్టి పంపించారు.

మొదట నన్ను ఒక డ్యాం కాపలాకి ఇచ్చారు. అక్కడి కానిస్టేబుల్ తన తలకి రోజూ రెండుపూటలా నూనె రాసుకునేవాడు, నాకు మాత్రం ఒక్క చుక్క రాసిన పాపాన పోలేదు. నా గొట్టానికి క్యారేజీ తగిలించి గట్టుమీద నడిచేవాడు. పులుసు కారి నా మీద పడేది. తర్వాత ఒక పెద్దమనిషి ఇంటి గేటు దగ్గరికి మారాను. అక్కడి కానిస్టేబుల్ ఒక భుజానికి నన్ను వేసుకుని, రెండో చేత్తో ఆ ఇంటి బొచ్చుకుక్కని షికారు తిప్పేవాడు. ఎవరైనా వస్తే కుక్కని వెనక దాచి నన్ను ముందుకు తెచ్చేవాడు. ఆ తర్వాత ఎన్నికల డ్యూటీలు, లారీ ప్రయాణాలు. నన్ను తలకింద దిండుగా పెట్టుకున్నవాళ్ళున్నారు, దుప్పటి ఆరేసుకున్నవాళ్ళున్నారు. ఇన్నేళ్ళలో నన్ను మనిషి మీద గురిపెట్టినవాడు ఒక్కడూ లేడు. అదొక్కటే నా జీవితంలో నాకు నచ్చిన సంగతి.

చివరికి వయసైపోయిందని ఉత్తరాంధ్రలో కొండకింద ఉన్న ఒక పోలీసు శిక్షణ కేంద్రానికి పంపారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలకి నాతో కాల్చడం నేర్పుతారట. సరే, పిల్లలకి చదువు చెప్పే పని, గౌరవమైనదే అనుకున్నాను.

అక్కడ చూశాను ఆ టోపీ పద్ధతి.

కాల్చేవాళ్ళు నేలమీద బోర్లా పడుకుంటారు. వాళ్ళ కుడిపక్కన ఇంకో అమ్మాయి పడుకుని, నా కిటికీ పక్కన తన ఖాకీ టోపీ నోరు నా వైపు తిప్పి పట్టుకుంటుంది. నేను విసిరిన ఖాళీ కేసు ఆ టోపీలో పడాలి. ఎందుకంటే ఎన్ని తూటాలిచ్చారో అన్ని ఖాళీ కేసులు తిరిగి అప్పగించాలి. పేలిన తూటా ఎటు పోయిందని ఎవరూ అడగరు. అది కొండని తాకిందో, ఆకాశాన్ని తాకిందో ఎవరికీ పట్టదు. డొల్ల ఏదీ అని మాత్రం అడుగుతారు. ఒక్కటి తగ్గిందా, ఇక ఆ రోజు అందరికీ నరకమే.

ఆ నరకం మొదటివారంలోనే గేదెల సుహాసిని నెత్తిన పడింది. సుహాసిని బక్కగా, ఎప్పుడూ ఎవరో వెనకనుంచి పిలుస్తారని భయపడుతున్నట్టు ఉండే పిల్ల. ఆ రోజు టోపీ పట్టుకునే వంతు ఆమెది. ఒక కేసు టోపీ అంచుకి తగిలి ఎగిరి ఎటో పోయింది. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ భుజంగరావు, అందరూ ఆర్ఐ గారంటారు, ఆ శిక్షణ కేంద్రానికి ఆయనే దేవుడు. అమ్మాయిలందరినీ ఎర్రటి ఎండలో మోకాళ్ళమీద పాకించాడు.

"దొరికేదాకా అన్నం లేదు, నీళ్ళు లేవు! ఎవరిదో ఈ ఘనకార్యం?"

"సుహాసినిది సార్," అన్నారు ఎవరో.

పల్లేరు ముళ్ళు గుచ్చుకున్న అరచేతులు చూసుకుంటూ ఒక్కొక్కరూ ఆమెని తిట్టారు. "నీ మూలానే. టోపీ పట్టుకోడం కూడా చేతకాదేటి నీకు?" అన్నారు. సాయంత్రానికి ఆ కేసు ఒక ఎలుక కన్నం దగ్గర దొరికింది. కాని సుహాసిని లోపల ఏదో బిగుసుకుపోయింది. ఆ మర్నాటినుంచి టోపీని నా కిటికీకి ఆనించేసినట్టు పట్టుకోవడం మొదలుపెట్టింది. బెత్తెడు దూరం కూడా లేదు.

సుహాసినికి జోడీ సూరాడ నూకరత్నం. సముద్రం ఒడ్డు పల్లె పిల్ల. గంప మోసి గట్టిపడిన మెడ, తాళ్ళు లాగి కాయలు కాచిన చేతులు. వాళ్ళమ్మ చేపలు అమ్ముతుంటే ఒకసారి ఎవడో కానిస్టేబుల్ దారికి అడ్డమని గంపని కాలితో తన్నాడట. చేపలన్నీ మురిక్కాలవలో పడ్డాయట. ఆ రోజే ఈ పిల్ల పోలీసవ్వాలనుకుందట. ఎందుకని సుహాసిని అడిగితే, నన్ను ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ చెప్పింది:

"గంప తన్నని పోలీసు ఒకర్తయినా ఉండాల కదే."

ఆ మాట విన్నప్పటినుంచి ఈ పిల్ల చేతిలో బాగా పేలాలని నాకు పట్టుదల. అందుకే ఇంత కోపం.

నూకరత్నం మొదటిసారి నన్ను భుజానికి ఆనించుకున్నప్పుడు నాకు తెలిసిపోయింది, ఇది సరైన పట్టు. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కింది. తూటా పేలింది. బోల్టు వెనక్కి వెళ్ళింది. కొక్కెం కేసుని పట్టి లాగి బలంగా విసిరింది. కేసు కిటికీ దాటగానే టోపీ గుడ్డకి తగిలి, బంతిలాగా వెనక్కి తిరిగి, నా లోపలికే వచ్చిపడింది. ముందుకొస్తున్న బోల్టు దాన్ని అడ్డంగా నొక్కేసింది. నేను గొంతులో ఎముక ఇరుక్కున్నదానిలా ఆగిపోయాను.

"ఏటైనాది?" అరిచాడు చిన్నంనాయుడు ఉస్తాదు. ఫైరింగ్ నేర్పేవాళ్ళని అక్కడ ఉస్తాదు అంటారు.

"ఆగిపోయినాది ఉస్తాద్."

"అదాగలేదు, నువ్వాపేసినావు. భుజం వదులుగా పెట్టావేటి? పొద్దున్న టిఫిన్ తిన్నావా, నేదా?"

"గట్టిగానే పట్టినాను ఉస్తాద్."

"ఎదురు సెప్పకు. మళ్ళా కాల్చు."

మళ్ళీ కాల్చింది. ఒకటి బయటికి పోయింది, రెండోది టోపీకి తగిలి తిరిగొచ్చింది. మళ్ళీ ఇరుక్కున్నాను. నేను లోపల్లోపల అరుస్తున్నాను: ఆ టోపీ తియ్యండ్రా, నా కిటికీకి అడ్డం తియ్యండి! ఇనుము అరుపు ఎవరికి వినపడుతుంది?

ఆ రోజునుంచి నాకు వైద్యం మొదలైంది. ఈ మనుషుల వైద్యం ఎలా ఉంటుందంటే, రోగం ఉన్న చోటు తప్ప మిగతా ఒళ్ళంతా కోస్తారు.

ముందు గ్యాస్ చాలడం లేదన్నారు. గ్యాస్ తగ్గితే బోల్టు పూర్తిగా వెనక్కి పోదు, కేసు నీరసంగా జారుతుంది, అది నిజమే. కాని నా బోల్టు పూర్తిగా పోతోంది కదా! అయినా రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ పెంచారు. దాంతో కేసుని ఇంకా బలంగా విసిరాను. అది టోపీకి ఇంకా బలంగా కొట్టుకుని ఇంకా బలంగా తిరిగొచ్చింది. తర్వాత మ్యాగజైన్ మీద అనుమానం వచ్చింది. దాని మూతి వంకరైతే కొత్త తూటా సరిగా ఎక్కదు, అదీ నిజమే. కాని ఇరుక్కుంటున్నది కొత్త తూటా కాదు, పాత డొల్ల. ఇరుక్కున్నదాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూసినా తెలిసేది. ఎవరూ చూడలేదు. ఉస్తాదు దాన్ని గోళ్ళతో లాగి సంచిలో వేసుకోవడానికే కంగారుపడ్డాడు. కేసు లెక్కకి వచ్చిందా, చాలు.

మ్యాగజైన్ మార్చారు. ఫలితం లేదు. అప్పుడు నన్ను ఆయుధాల గదిలో ఆర్మరర్ కరీముల్లా ముందు పడేశారు. ఆయన నా కొక్కెం స్ప్రింగు మార్చాడు. గ్యాస్ బలాన్ని బోల్టుకి అందించే పిస్టన్‌కి పట్టిన మసి గీకాడు. నూనె ఎక్కువైందని తుడిచాడు, తక్కువైందని పూశాడు. గది వెనక మట్టికట్ట దగ్గర తానొక్కడే నిలబడి కాల్చి చూశాడు. ఒక్కడే కదా, టోపీ పట్టేవాళ్ళు లేరు. కేసులు ఇసకలో ఎగిరెగిరి పడ్డాయి. ఒక్కసారి కూడా ఆగలేదు నేను. ఎంత హాయిగా పనిచేశానో! వంగి కేసులు ఏరుకుంటూ ఆయన తీర్పు చెప్పాడు:

"తుపాకీ గుర్రంలా ఉంది. రోగం ఎక్కేవాళ్ళది."

అదిగో, అక్కడ మొదలైంది అసలు అన్యాయం. అంతవరకు నన్నొక్కదాన్నే తిట్టారు, ఓర్చుకున్నాను. ఇప్పుడు నిందంతా ఆ పిల్లమీదికి మళ్ళింది.

ఉస్తాదు ఇంకో పరీక్ష పెట్టాడు. తెలివైన పరీక్షే అనుకున్నాడు పాపం. "జోడీ మార్చండి. సుహాసిని కాలుస్తాది, నూకరత్నం టోపీ పడతాది," అన్నాడు. నూకరత్నం టోపీని దూరంగా, వదులుగా, చేపకి వల పరిచినట్టు పట్టింది. కేసులు ఎగిరొచ్చి అందులో నెమ్మదిగా పడ్డాయి. భయంతో కళ్ళు మూసుకుని కాల్చినా సరే, సుహాసిని చేతిలో నేను ఒక్కసారి కూడా ఆగలేదు.

"సూసినారా సార్," అన్నాడు ఉస్తాదు ఆర్ఐ గారితో. "అదే తుపాకీ, అదే మ్యాగజైను, అవే తూటాలు. బక్కపిల్ల కాలిస్తే ఆడతాది, ఈ గట్టిపిల్ల కాలిస్తే ఆడదు."

అదే తుపాకీ, అదే మ్యాగజైను, అవే తూటాలు. అవును. మరి టోపీ పట్టిన చెయ్యో? అది మారింది కదా! ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. టోపీ కూడా తుపాకీలో ఒక భాగం అయిపోయిందని ఎవరనుకుంటారు?

ఆర్ఐ భుజంగరావు నూకరత్నం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇదేమైనా చేపల బేరం అనుకున్నావా? తక్కెడ ఇటు కొంచెం వంచి, అటు కొంచెం వంచి సరిపెట్టడానికి?"

నూకరత్నం ముఖం ఎర్రబడింది. "నేదు సార్."

"వచ్చే సోమవారం ఆఖరి ఫైరింగ్ పరీక్ష. ఆ రోజు నీ తుపాకీ ఆగిందంటే నువ్వూ ఆగిపోతావు. బట్టలు సర్దుకుని ఇంటికి పోవడమే. అర్థమైందా?"

"అయింది సార్."

తర్వాత నన్ను రెండు చేతులతో తలపైకి ఎత్తించి మైదానం చుట్టూ పరుగెత్తించారు. నా బరువు నాకు తెలుసు. ఆ పిల్ల చేతులు వణుకుతుంటే నా బరువుని నేను ఎక్కడ దాచుకోను? ఆమె చెమట నా చెక్కమీద జారుతుంటే, నాకు నిజంగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవరిమీదనైనా పేలాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయుధాల గది వరండాలో చాప పరిచి తుపాకులు శుభ్రం చేసుకునే వేళ. నూకరత్నం, సుహాసిని పక్కపక్కన కూర్చున్నారు. నన్ను విప్పి భాగాలు తీస్తోంది నూకరత్నం. చిన్న చిన్న పిన్నులు, స్ప్రింగులు దొర్లిపోకుండా వేయడానికి సుహాసినిని ఆమె టోపీ అడిగి తీసుకుంది. టోపీ వెల్లకిలా పెట్టి పిస్టన్ అందులో వేయబోయి ఆగింది.

"ఏటే, టోపీ లోపలంతా ఇలా కాలిపోయినాది?"

టోపీ అడుగున నల్లటి మచ్చలు, కొన్ని చోట్ల దారాలు మాడిపోయి ఉన్నాయి. నూకరత్నం తన టోపీ తీసి చూసుకుంది. దానికి ఒక్క మచ్చ లేదు.

"నీ టోపీకెందుకున్నాయి, నా టోపీకెందుకు నేవు?" అంది తనలో తాను. తర్వాత నా కిటికీ వైపు చూసింది. టోపీని సుహాసిని చేతిలో పెట్టి, ఆ చేతిని కిటికీ దగ్గరికి లాగింది. "ఇంత దగ్గరగా పడతావా నువ్వు?"

"మరి! ఎగిరిపోతే?"

"ఓసి దీనమ్మ! కేసు నీ టోపీకి కొట్టుకుని వెనక్కొచ్చేస్తందే. తుపాకీ కాదు, నేనూ కాదు, నీ టోపీయే!"

నాకెంత ఆనందం వేసిందో! విడివిడి భాగాలుగా పడున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అప్పుడే గాల్లోకి పేలేదాన్ని.

కాని సుహాసిని ముఖం పాలిపోయింది. "రేపు కొంచెం దూరంగా పట్టవే, మూరెడు దూరం చాలు," అని నూకరత్నం బతిమాలుతుంటే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నా వల్ల కాదే రత్నం. ఒక్కటి పోతే ఈసారి నన్నే పంపించేస్తానన్నారు ఆర్ఐ గారు. మా ఇంట్లో నన్ను రానివ్వరే. నీకు దణ్ణం పెడతాను."

"నీ ఉజ్జోగం కోసం నా ఉజ్జోగం తీసేస్తావా?"

"నానేటి తియ్యడం? నేను సరిగానే పడుతున్నాను!"

"సరిగా పట్టడమే నా ప్రాణానికొచ్చింది, తెలుస్తందా?"

ఇద్దరూ ఏడ్చారు. ఉస్తాదుకి చెబుదామంటే, "నువ్వు నాకు నేర్పుతావా" అంటాడని భయం. టోపీ పెట్టమన్నది ఆర్ఐ గారే. ఆయన ఆజ్ఞలో తప్పుందని చెప్పే గుండె ఎవరికుంది? వాళ్ళు నన్ను మళ్ళీ బిగించారు. ఇద్దరు ఆడపిల్లల ఉద్యోగాలకి మధ్య ఒక ఇత్తడి డొల్ల. ఆ డొల్లని పాత సామాన్లవాడు కూడా బేరమాడకుండా కొనడు. దానికి ఈ మనుషులు ఇచ్చే విలువ చూస్తే నా గొట్టం మండిపోయింది.

సోమవారం వచ్చింది. ఆర్ఐ గారు గొడుగు కింద కుర్చీలో. ఉస్తాదు విజిల్‌తో. నూకరత్నం బోర్లా పడుకుంది, కుడిపక్కన సుహాసిని. టోపీ మళ్ళీ అక్కడే, నా కిటికీకి ఆనుకుని.

మొదటి తూటా. ఠాప్! కేసు టోపీకి తగిలింది. తిరిగొచ్చింది. ఇరుక్కుంది.

"అదిగో!" అన్నాడు ఆర్ఐ గారు కుర్చీలోంచి. ఆ గొంతులో ఒక సంతోషం కూడా ఉంది, తాను చెప్పిందే అయిందని. "లేమ్మా, లే. అయిపోయింది."

నూకరత్నం లేవలేదు. గొట్టాన్ని ఎదురుగా గురిబొమ్మలు నిలబెట్టిన గురికట్టల వైపే ఉంచి, బోల్టుని కదిలించే కాకింగ్ హ్యాండిల్ వెనక్కి లాగింది. ఇరుక్కున్న కేసు కింద పడింది. తల తిప్పకుండానే, మైదానమంతా వినపడేలా అరిచింది:

"టోపీ తియ్యవే సుహాసినీ! తియ్యి!"

ఎప్పుడూ గొంతెత్తని పిల్ల. ఉస్తాదు విజిల్ నోట్లోనే ఉండిపోయింది. సుహాసిని ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత టోపీని లాక్కుని గుండెలకి హత్తుకుంది.

ఇక చూడండి నన్ను! ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. బోల్టు వెనక్కి, ముందుకి. కేసులు మెరుస్తూ గాల్లోకి ఎగిరి గడ్డిలో, ఇసకలో పడ్డాయి. ఎదురుగా గురికట్టలో ఆమె తూటాలన్నీ ఒకే చోట గుమిగూడాయి. ఆఖరిది పేలాక నా బోల్టు వెనకే ఆగింది, ఖాళీ అయిందని చెబుతూ. ఇన్నాళ్ళకి నా మాట నేను పూర్తిగా చెప్పుకున్నట్టు అనిపించింది.

"కేసులు ఏరండి ముందు!" గర్జించాడు ఆర్ఐ గారు. గురికట్ట వైపు కన్నెత్తి చూడలేదు. అమ్మాయిలు పరుగెత్తి ఏరారు. ఉస్తాదు లెక్కపెట్టి తల ఎత్తాడు.

"ఒకటి తగ్గింది సార్."

అందరూ సుహాసిని వైపు తిరిగారు. ఆ పిల్ల ఇంకా నేలమీదే ఉంది, పళ్ళు బిగబట్టి. మెల్లగా లేచి కూర్చుని, మెడ దగ్గర గుండీ విప్పి, చొక్కాలోంచి ఒక కేసు తీసి ఉస్తాదు చేతిలో పెట్టింది. అది ఎగిరొచ్చి ఆమె కాలర్‌లో పడింది. పేలిన కేసు ఎంత వేడిగా ఉంటుందో నాకు తెలుసు. ఆమె మెడకింద చర్మం ఎర్రగా పొంగి ఉంది. మధ్యలో కదిలితే నూకరత్నం గురి తప్పుతుందని ఆఖరి తూటా వరకు కదలకుండా పడుకుంది.

"ఓలమ్మో, సుహాసినీ!" అని నూకరత్నం ఆమెని పట్టుకుంది.

ఆర్ఐ గారు కాలిన మచ్చని చూశాడు. చూడనట్టు తల తిప్పుకున్నాడు. "ఎవరు చెప్పారు టోపీ తియ్యమని? ఎవరి ఆర్డరది?"

"నాదే సార్," అంది నూకరత్నం. "టోపీ దగ్గరగా పడితే కేసు తిరిగొచ్చేస్తంది సార్. అందుకే తుపాకీ ఆగుతంది. అబద్ధమైతే నన్ను ఇప్పుడే పంపించేయండి. మీరే ఒకసారి పట్టి సూడండి సార్."

ఆర్ఐ గారికి కోపం ముంచుకొచ్చింది. ఈ చేపలపిల్లని అందరిముందు అబద్ధాలకోరుని చేయాలన్న కోపం. సుహాసిని టోపీ లాక్కుని, ఇస్త్రీ మడత నలిగేలా నా పక్కన బోర్లా పడుకున్నాడు. టోపీ నా కిటికీకి ఆనించాడు. "కాల్చు చిన్నంనాయుడూ!"

ఉస్తాదు కాల్చాడు. నేనేం చేయగలను? కేసు టోపీకి తగిలి తిరిగొచ్చింది. ఇరుక్కుంది.

"మళ్ళీ కాల్చు!"

మళ్ళీ ఇరుక్కుంది.

"ఇప్పుడు మూరెడు దూరం పెట్టండి సార్," అంది నూకరత్నం నెమ్మదిగా.

ఆయన పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. కేసులన్నీ ఆయన చేతిలోని టోపీలో మెత్తగా పడ్డాయి, ఒక్కటీ ఇరుక్కోలేదు.

ఆర్ఐ గారు లేచాడు. మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు. ఆ దులుపుకోవడంలోనే ఆయన ఆలోచన అంతా జరిగిందని నాకు తర్వాత అర్థమైంది. తల ఎత్తి అన్నాడు:

"పాస్. ఈ అమ్మాయి పాస్. ఇకనుంచి టోపీలు మూరెడు దూరంలో పట్టుకోండి. ఇది నా ఆర్డరు." అక్కడితో ఆగితే ఆయన్ని క్షమించేదాన్నేమో. నా వైపు వేలు చూపించాడు. "ఈ తుపాకీ కేసుల్ని మరీ గట్టిగా విసురుతోంది. పాతబడిపోయింది. దీన్ని పనికిరాని సామాన్లలో వేయించండి."

విన్నారా? నేను సరిగా పనిచేయడమే నా నేరం. రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ పెంచింది వీళ్ళు, గట్టిగా విసిరిన తప్పు నాది.

నూకరత్నం నోరు తెరిచింది. "సార్, తుపాకీ బాగానే..."

"పాసయ్యావా లేదా?" అన్నాడాయన మెత్తగా.

ఆమె నోరు మూసుకుంది.

ఆ మౌనం మీద నాకు కోపం ఉందా అంటే, ఉంది. లేదని అబద్ధం చెప్పను. గంప తన్నని పోలీసు కావాలనుకున్న పిల్ల, నన్ను తన్నుతుంటే చూస్తూ నిలబడింది. ఉద్యోగం అలాంటిది కాబోలు, చేరిన రోజునుంచే మనిషి నోటికి ఏదో ఒకటి అడ్డం పెడుతుంది. కాని ఆ నోరు తెరిచినప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం కూడా చూశాను. కోపం పూర్తిగా నిలబడనివ్వదు ఆ పిల్ల.

ఆ సాయంత్రం నన్ను అప్పగించడానికి వచ్చింది. అప్పగించే ముందు వరండాలో కూర్చుని నన్ను విప్పింది. గొట్టం లోపల గుడ్డ పోనిచ్చి తుడిచింది. పిస్టన్ మెరిసేదాకా రుద్దింది. కొక్కేనికి, స్ప్రింగుకి, బోల్టుకి కొత్త నూనె పూసింది. పక్కన సుహాసిని మెడకి మందు రాసుకుని, పిన్నులు ఒక్కొక్కటి అందిస్తూ కూర్చుంది. కరీముల్లా గదిలోంచి తొంగి చూశాడు.

"పోయేదానికి స్నానం ఎందుకమ్మా?"

"పోయేవాళ్ళకే కదా సార్ చేయిస్తారు," అంది నూకరత్నం తల ఎత్తకుండా.

ఆయన చెయ్యి చాచి నన్ను అందుకున్నాడు. పనికిరాదన్న గుర్తుగా నా మెడకి ఎర్ర గుడ్డపేలిక కట్టి లోపలికి తీసుకెళ్ళాడు.

ఇప్పుడు నేను పనికిరాని సామాన్ల గదిలో ఉన్నాను. నా చుట్టూ విరిగిన లాఠీలు, సొట్టపడిన హెల్మెట్లు, చిరిగిన డేరాలు. వాటికి నిజంగానే ఏదో ఒక జబ్బుంది. నాకే లేదు. గోడ అవతల మైదానంలో కొత్త బ్యాచ్ అమ్మాయిలు కాలుస్తున్నారు. టోపీలు మూరెడు దూరంలో పట్టుకోమని ఉస్తాదు అరుస్తుంటాడు. ఆ ఉపాయం ఆర్ఐ గారు కనిపెట్టారని గర్వంగా చెబుతుంటాడు కూడా. నూకరత్నానికి వాళ్ళ ఊరికి దగ్గరలోనే ఏదో స్టేషన్లో పోస్టింగ్ ఇచ్చారట. సుహాసిని కూడా పాసైందట. వినడానికి బాగానే ఉంది. నన్ను అడిగితే, బాగుండడం వేరు, న్యాయం వేరు.

ఏదో ఒక రోజు రంపం పట్టుకుని ఎవరో వస్తారు. గొట్టాన్ని ముక్కలుగా కోస్తారు. రండి, కొయ్యండి, భయపడను. కాని రంపం పెట్టే ముందు ఒక్కసారి, చేతిలో పనేమీ లేనట్టు, ఊరికే నా బోల్టు వెనక్కి లాగి వదలండి. ఎంత నున్నగా వెళ్ళి, ఎంత నున్నగా తిరిగొస్తుందో మీ చెవులతో మీరే వినండి. ఆ తర్వాత కోసినా, నేను చెడిపోయానని మాత్రం మీ నోటితో అనలేరు.